పొసగని అంకె

గుంటూరులో వైద్య పీజీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఏర్పాటైన పరిశోధనా పద్ధతుల శిక్షణ తరగతుల తొలిరోజున, జనరల్ మెడిసిన్ విశ్రాంత ఆచార్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం.

అధ్యక్షులకు, తోటి ఆచార్యులకు, ఈ ఏడాది ఎండీ, ఎంఎస్ కోర్సుల్లో చేరిన మీ అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం విశ్వవిద్యాలయాల్లో వైద్య పరిశోధన. అది సముద్రమంత విషయం. ఉన్న గంటలో దాని చుట్టూ ప్రదక్షిణ చేసి వెళ్లిపోవడం కన్నా, మరికొన్ని వారాల్లో మీలో ప్రతి ఒక్కరి నెత్తిన పడబోయే ఒక పని గురించి నిలకడగా మాట్లాడుకోవడం మేలనిపించింది. ఆ పని థీసిస్. చేరిన ఆరు నెలల్లోపు మీరు సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక ఇవ్వాలి, చివరి పరీక్షకు ఆరు నెలల ముందు థీసిస్ అందజేయాలి, అది ఆమోదం పొందితేనే మీరు పరీక్ష రాస్తారు. రాష్ట్రం నలుమూలల నుంచీ ఈ థీసిస్‌లన్నీ ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న విజయవాడకు, 1986లో ఏర్పడిన మన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి చేరతాయి. అక్కడి నుంచి పరీక్షకుల దగ్గరకు వెళ్తాయి, ఆపైన అలమరల్లోకి వెళ్తాయి. చాలా వాటిని ఆ తరువాత ఎవరూ తెరవరు.

అందుకే మన కళాశాలల్లో థీసిస్ అంటే ఒక తంతు అన్న మాట స్థిరపడిపోయింది. సీనియర్లు మీకు ఈపాటికి చెప్పే ఉంటారు: సులువైన అంశం తీసుకో, పాత థీసిస్ ఒకటి దగ్గర పెట్టుకో, చివరి మూడు నెలల్లో కూర్చుంటే అయిపోతుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా గైడ్‌గా, పరీక్షకుడిగా, పరిశోధనలో రోగికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ సభ్యుడిగా ఉన్నాను. ఆ సలహాను నేను ఒప్పుకోను. ఒక్క లెక్క వేయండి. వెయ్యి మంది పీజీలు తలా 60 మంది రోగులను శ్రద్ధగా పరిశీలించి రాస్తే అరవై వేల మంది జబ్బుల చరిత్ర అవుతుంది. కోట్ల రూపాయలు పోసినా దొరకని సమాచారం అది. మన భాష మాట్లాడే మనుషుల గురించి, మన తిండి, మన నీళ్లు, మన పొలాల మధ్య వచ్చే జబ్బుల గురించి, వారి మంచం పక్కన నిలబడి సేకరించిన సమాచారం. అది నిజాయితీగా ఉంటేనే దానికి విలువ. లేకపోతే ఆ అరవై వేల వరుసలూ వట్టి సిరా.

పరిశోధనకు గొప్ప యంత్రాలు కావాలని, అవి మన దగ్గర లేవు కాబట్టి మనం చేయగలిగింది లేదని చాలామంది నమ్ముతారు. యంత్రాలు అక్కర్లేదని నేను అనను. కానీ పరిశోధన మొదలయ్యే చోటు వేరే ఉంది. దాన్ని చూపించడానికి మనకు బాగా తెలిసిన వ్యక్తి జీవితం నుంచి, మనం అంతగా చెప్పుకోని ఒక ఘట్టం చెబుతాను.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ పట్టాకు దూరమై, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకుని, బోస్టన్ చేరారు. ఫోలిక్ ఆమ్లం, కేన్సర్ మందులు, మన తీరప్రాంతంలో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర, ఈ జాబితా మీకు కంఠతా వచ్చు. వాటన్నిటికీ ముందు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర ఆయన చేసిన పని చూడటానికి చాలా చిన్నది. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలవడానికి ఒక నమ్మకమైన పద్ధతి కావాలి. ద్రవంలో ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్ కలిపి, మరొక రసాయనం చేరిస్తే నీలి రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వారిద్దరూ ప్రచురించిన ఆ పద్ధతి బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో వారి పేర్లతోనే నిలిచిపోయింది. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో మీలో కొందరు ఆ నీలి రంగును చూసే ఉంటారు.

అసలు కథ ఆ తరువాత మొదలైంది. అదే పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రవం మీద ప్రయోగిస్తే రంగు సరిగా రాలేదు. అసలు రాకపోవడం కాదు, ఆలస్యంగా వచ్చింది. మొదట పలచగా ఉండి, కొంతసేపు పోయాక గానీ పూర్తి చిక్కదనానికి చేరలేదు. కొలత వెంటనే తీస్తే ఒక అంకె, ఆగి తీస్తే ఇంకొక అంకె. అక్కడ మనలాంటి వాళ్లు ఏం చేస్తారో ఆలోచించండి. ముందు వచ్చిన అంకెను కొట్టేసి, కండరానికైతే ఇంతసేపు ఆగి చూడాలి అని అడుగున ఒక వాక్యం రాసి, పట్టిక పూర్తిచేసి, ఇంటికి వెళ్తారు. పట్టిక ముచ్చటగా ఉంటుంది, ఎవరూ తప్పు పట్టరు. ఫిస్క్, సుబ్బారావు గార్లు మాత్రం ఆ పొసగని అంకె దగ్గర ఆగిపోయారు. ఆలస్యం ఎందుకు? కండరంలోని భాస్వరంలో కొంత భాగం మరో పదార్థంతో ముడిపడి ఉందని, ఆ ఆమ్లంలో ముడి మెల్లగా విడిపోతున్నకొద్దీ రంగు తేలుతోందని వారు గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. అదే దారిలో 1929లో, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నాడు. కండరానికి శక్తి ఎక్కడ నుంచి వస్తుందన్న విషయంలో అప్పటిదాకా ఉన్న అవగాహన దీనితో మారిపోయింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఆ పెద్దల పేరు ఎత్తే అర్హత నాకు లేదు. నేను పీజీ చేసిన రోజుల్లో, ఒక కళాశాలలో, నా థీసిస్ గుండెపోటుతో చేరిన రోగుల మీద. ప్రతి రోగి వివరాలూ నింపే ప్రొఫార్మా అనే పత్రంలో మొదటి గడి ఛాతీ నొప్పి ఎప్పుడు మొదలైంది అన్నది. రోగుల్లో నలుగురికి ఛాతీ నొప్పే లేదు. ఒకరు ఆయాసంతో వచ్చారు, ఇద్దరు చెమటలు పట్టి నీరసంగా ఉందని వచ్చారు, ఒకావిడకు వాంతులు. నలుగురికీ ఈసీజీలో గుండెపోటు స్పష్టంగా ఉంది, నలుగురికీ మధుమేహం ఉంది. మొదటి గడి ఖాళీగా ఉంటే పట్టిక పాడవుతుందని, వారిని తీసేసి వేరే నలుగురిని చేర్చుకోమని నాకు సలహా వచ్చింది. నేను తీసేశాను. నా పట్టిక నిండుగా, అందంగా తయారైంది, పరీక్షకులు మెచ్చుకున్నారు. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చని పుస్తకాల్లో ఉన్నదే. కానీ మన ప్రాంతంలో, మన రోగుల్లో అది ఎంతమందికి, ఏ రూపంలో వస్తోంది, అలా వచ్చినవారు ఎన్ని గంటలు ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతున్నారు అన్నది ఆనాడు నా వార్డులో నా కళ్ల ముందు నిలబడిన ప్రశ్న. నా థీసిస్‌లో నిజంగా విలువైన భాగం ఆ నలుగురే. వాళ్లనే నేను చెరిపేశాను. ఇన్నేళ్ల తరువాత వారి కేస్ షీట్ నంబర్లు కూడా నా దగ్గర లేవు.

నాది చెరిపివేత. పరీక్షకుడిగా నేను దానికన్నా ఘోరమైనవి చూశాను. వేర్వేరు సంవత్సరాలకు చెందిన రెండు థీసిస్‌ల చివర ఉన్న మాస్టర్ చార్ట్‌లు, అంటే రోగులందరి అంకెలూ ఉండే పట్టికలు, పక్కపక్కన పెట్టి చూస్తే వయసు, రక్తపోటు, క్రియాటినిన్ అంకెలు వరుస వెంట వరుస ఒకటే. మారినవి ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే ఐపీ నంబర్లు మాత్రమే. ఆ కళాశాల పేరు, ఆ మనుషుల పేర్లు ఇక్కడ అక్కర్లేదు. అలాంటి చార్ట్ వల్ల నష్టపోయేది మార్కులు వేసిన పరీక్షకుడు కాదు. రేపు ఎవరో ఒక యువ వైద్యుడు పది అధ్యయనాలను కలిపి, ఈ మోతాదు మందు ఈ జబ్బుకు సరిపోతుందని తేల్చుకుంటాడు. ఆ పదిలో ఒకటి లేని రోగుల మీద రాసిందైతే, ఉన్న రోగికి తప్పు మోతాదు పడుతుంది. మాస్టర్ చార్ట్‌లో ప్రతి వరుసా ఒక మనిషి. ఆ వరుసను కల్పించడమంటే లేని మనిషి చేత సాక్ష్యం చెప్పించడమే.

మన దేశపు కళాశాలల్లో, మామూలు వసతులతో లోకానికి పనికొచ్చే పరిశోధన జరగలేదా అంటే జరిగింది. కలకత్తాలో పాథాలజీ బోధించిన శంభునాథ్ డే గారు కుందేలు చిన్నపేగును అక్కడక్కడ దారంతో కట్టి, ఆ ముడుల మధ్య కలరా క్రిములను ఎక్కించి చూశారు. క్రిములున్న భాగం నీటితో ఉబ్బింది. ఆ పద్ధతిని 1953లో ప్రచురించారు. 1959లో ఇంకో అడుగు వేసి, క్రిములను వడకట్టి తీసేసిన ద్రవం ఒక్కటే ఎక్కించినా పేగు ఉబ్బుతుందని, అంటే క్రిమి విడిచే విషమే పేగును అలా నీళ్లపాలు చేస్తోందని చూపారు. ఆ పరిశోధనకు కావలసింది కుందేలు, దారం, వడపోత, అన్నిటికన్నా ముఖ్యంగా క్రిమి చంపుతోందా, క్రిమి విడిచిన విషం చంపుతోందా అన్న సూటి ప్రశ్న.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరది. మీలో మంగళగిరి మీదుగా వచ్చేవారు ఎయిమ్స్ భవనాలను రోజూ చూస్తారు. ఒకప్పుడు అక్కడ టీబీ శానిటోరియం ఉండేది. టీబీ వస్తే ఊరికి దూరంగా, గాలి తగిలే చోట, నెలల తరబడి మంచం మీద ఉంచి, పాలూ గుడ్లూ పెట్టి చూసుకుంటేనే నయమవుతుందని ఆ కాలపు వైద్యం. మందులు వచ్చాక కూడా ఆ నమ్మకం పోలేదు. దేశంలో ఉన్న రోగుల్లో అతి కొద్దిమందికే మంచాలు ఉండేవి. మిగిలినవారి సంగతేమిటి? భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో ఒక కేంద్రం తెరిచి, పేటల్లో ఉండే బీద రోగులు 193 మందిని తీసుకుని, ఎవరు శానిటోరియంకు వెళ్లాలి, ఎవరు ఇంటి దగ్గరే ఉండి మందులు మింగాలి అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. ఏడాది గడిచింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో, రోజువారీ పని చేసుకుంటూ మందు మింగినవారికి, శానిటోరియంలో మంచం మీద విశ్రాంతి తీసుకున్నవారికి దాదాపు ఒకే ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబంలోని వారికి జబ్బు ఎక్కువగా అంటుకోలేదని కూడా తరువాతి సంవత్సరాల్లో తేలింది. 1959లో ఆ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతటా టీబీ వైద్యం మంచం దిగి ఇంటికి నడిచింది. ఆ అధ్యయనంలో పాల్గొన్న మద్రాసు పేటల మనుషుల పేర్లు మనకు తెలియవు. వారు సరేనన్నందువల్ల ఎన్ని లక్షల మంది ఇల్లు విడవకుండా బతికారో లెక్క వేయలేం.

ఇక మీ ప్రశ్నలు. అంశం కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి. మీ వార్డులో వెతకండి. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి ఒక పూట నిలబడితే మీ కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు. అక్కడ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే హమాలీలు, కాయల తొడిమలు తీసే ఆడకూలీలు రోజంతా ఆ ఘాటులోనే ఉంటారు. పొద్దున పనిలో దిగేముందు, సాయంత్రం దిగిపోయేముందు వారి చేత ఒక పీక్ ఫ్లో మీటరులో ఊదించి చూడండి. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో చూపే ఆ మీటరు జేబులో పట్టే ప్లాస్టిక్ గొట్టం, ఖరీదు కొన్ని వందల రూపాయలు. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉందా? సెలవు రోజున ఆ తేడా పోతుందా? పదేళ్ల అనుభవం ఉన్నవారిలో ఎలా ఉంది, కొత్తగా చేరినవారిలో ఎలా ఉంది? పల్మనాలజీ విద్యార్థికి, కమ్యూనిటీ మెడిసిన్ విద్యార్థికి ఇది పూర్తి థీసిస్.

పత్తి, మిరప పండే నేల మనది. పురుగుమందు తాగినవారు, పొలంలో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయినవారు క్యాజువాల్టీకి రాని వారం ఉండదు. ఆర్గానోఫాస్ఫరస్ మందులు నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమును కట్టేస్తాయని, అందుకే నోటి వెంట నురగ, ఊపిరితిత్తుల్లో నీరు, సూదిమొనంత కంటిపాప అని మీరు చదివారు. విరుగుడుగా ఇచ్చే ఆట్రోపిన్ ఎలా పెంచుకుంటూ పోవాలో కూడా చదివారు. మీరు చదవని విషయాలు మీ కేస్ షీట్లలో ఉన్నాయి. రోగి మందు తాగిన సమయానికీ మొదటి ఆట్రోపిన్ సూది పడిన సమయానికీ మధ్య ఎన్ని నిమిషాలు? ఆ నిమిషాలు ఎక్కడ పోయాయి, ఇంట్లో పసరు పోయడంలోనా, ఆర్ఎంపీ దగ్గరా, దారిలోనా, మన క్యాజువాల్టీలో చీటీ రాయించుకోవడంలోనా? ఎంతమంది బంధువులు మందు డబ్బా వెంట తెచ్చారు? డబ్బా తెచ్చిన రోగికీ, ఏ మందో తెలియని రోగికీ ఫలితంలో తేడా ఉందా? ఈ చివరి ప్రశ్నకు మీ ప్రొఫార్మాలో ఒక్క గడి చాలు. దాని జవాబు ఊళ్లో గోడ మీద రాయించదగ్గ వాక్యం కావచ్చు.

లెక్కల విషయం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, ఎల్లుండి దానికి పూర్తి రోజు ఉంది. ఎంతమంది రోగులు కావాలన్నది మీ సౌకర్యాన్ని బట్టి కాదు, మీరు పట్టుకోవాలనుకున్న తేడా ఎంత చిన్నది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరూ 50 తీసుకున్నారు కాబట్టి నేనూ 50 అనకండి. స్టాటిస్టిషియన్ దగ్గరకు అంతా అయ్యాక పీ విలువ అనే చివరి అంకె కోసం వెళ్లకండి, ప్రొఫార్మా అచ్చువేయక ముందే వెళ్లండి. నూజివీడులో, నందిగామలో బళ్లో చదువుకున్న కుర్రవాడు సి.ఆర్. రావు గారై ప్రపంచానికి గణాంకశాస్త్రం నేర్పారు. ఆ శాస్త్రం మన కళాశాలల్లో చివరి నిమిషపు ముద్రగా మిగలడం నాకు బాధ కలిగిస్తుంది. మీరు చేసేది ఒక మందునో, ఒక పద్ధతినో రోగుల మీద ప్రయోగించి పోల్చే అధ్యయనమైతే, మొదటి రోగిని చేర్చుకోక ముందే సీటీఆర్ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయండి. 2007 నుంచి ఉన్న ఆ నమోదుకు రుసుము లేదు, పీజీ థీసిస్ అని చెప్పుకోవడానికి అందులో ప్రత్యేకంగా చోటుంది. ఏమి చూడబోతున్నారో ముందే పదిమంది ముందు చెప్పినవారు, తరువాత పొసగని అంకెను దాచలేరు.

ఇప్పుడు సమ్మతి గురించి. ఈ రోజు నేను ముఖ్యంగా వచ్చింది దీని కోసమే.

పరిశోధనలో పేదవారి సమ్మతి ఎలా గాలికి పోతుందో మన రాష్ట్రానికి తెలిసినంతగా చాలా రాష్ట్రాలకు తెలియదు. 2009లో, అప్పటికి మన రాష్ట్రంలోనే ఉన్న ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేస్తూ ఒక అధ్యయనం జరిగింది. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌ను ఆ టీకా అడ్డుకుంటుందన్నది స్థిరపడిన విషయం, అందులో నాకు సందేహం లేదు. ఆ కాలంలో సంభవించిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా ఆ అధ్యయనం 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఎందుకంటే, హాస్టళ్లలో ఉన్న పిల్లల తరఫున తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా ఎత్తిచూపింది. మంచి టీకా మీద తల్లుల్లో సంవత్సరాల తరబడి అనుమానం నిలిచిపోయింది. సంతకం ఎవరిదైతేనేం అనుకున్నవారు, తాము కాపాడదలచిన పిల్లలకే హాని చేశారు.

2011లో మన పల్నాటి పిడుగురాళ్లలో జరిగింది ఇంకా దగ్గరి కథ. సున్నపు బట్టీల ఊరది. అక్కడి పేద మహిళలు కొందరిని డబ్బు ఆశ చూపి హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు తీసుకెళ్లి, కేన్సర్ మందు తుల్యతా పరీక్షల్లో, అంటే ఒక కంపెనీ మందు అసలు మందులాగే ఒంటికి పడుతోందా అని చూసే పరీక్షల్లో చేర్చారు. వారిలో కొందరు అస్వస్థులయ్యాక విషయం పత్రికలకెక్కింది, ఔషధ నియంత్రణ అధికారులు ఆ ప్రయోగశాల అనుమతిని నిలిపివేశారు. ఆ కాగితాల మీద కూడా సంతకాలు, వేలిముద్రలు ఉండే ఉంటాయి. కాగితం మీద వేలిముద్ర ఉండటం వేరు, ఆ వేలి వెనక ఉన్న మనిషికి విషయం తెలిసి ఉండటం వేరు.

ఆ తరువాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2017లో వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు, 2019లో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అధ్యక్షుడు మీ సంస్థకు బయటి మనిషై ఉండాలి, న్యాయం తెలిసినవారు ఒకరు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు ఒకరు ఉండాలి. రోగికి చదువు రాకపోతే, మీకూ రోగికీ చెందని సాక్షి పక్కన ఉండాలి. సమాచార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఈ చివరి మాట దగ్గరే మనం తప్పుతున్నాం. పత్రం తెలుగులో ఉంటుంది, అర్థమయ్యే భాషలో ఉండదు. కమిటీలో కూర్చుని నేను చదివిన పత్రాల్లో ‘యాదృచ్ఛికీకరణ’ ఉంది, ‘ప్రతికూల సంఘటనల నివేదన’ ఉంది, ‘ఉపసంహరణ హక్కును వినియోగించుకొనుట’ ఉంది. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చిన అరవై ఏళ్ల రైతు ముందు ఈ మాటలు చదివితే, ఆయన డాక్టరుగారి మీద గౌరవంతో తల ఊపుతాడు. ఆ తల ఊపడాన్ని మనం సమ్మతి అని రాసుకుంటాం.

మాటలు లేక కాదు. ‘మీకు ఏ మందు ఇవ్వాలన్నది నేను నిర్ణయించను, చీటీ వేసినట్టుగా తేలుతుంది’ అంటే యార్డులో చీటీపాట కట్టే కూలీకి మనకన్నా బాగా తెలుసు. ‘కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇస్తాం, అది మీకు రావచ్చు, ఏది వచ్చిందో మీకూ నాకూ తెలియదు’ అంటే అర్థంకానిది ఏముంది? ‘మధ్యలో వద్దనుకుంటే మానేయండి, మీ వైద్యం ఇప్పుడు ఎలా జరుగుతోందో అలాగే జరుగుతుంది, నేను కోపగించుకోను.’ ఈ ఆఖరి ముక్క తప్పక చెప్పండి. వార్డులో మంచం మీద ఉన్న మనిషికి అన్నిటికన్నా పెద్ద భయం డాక్టరుకు కోపం వస్తుందేమోనన్నదే. మీరు మంచం పక్కన నిలబడి చెప్పకండి, స్టూలు లాక్కుని కూర్చుని చెప్పండి. చెప్పాక, నేను చెప్పింది మీ మాటల్లో ఒకసారి చెప్పండమ్మా అని అడగండి. ఆమె చెప్పలేకపోతే తప్పు ఆమెది కాదు.

ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను రక్తహీనత మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో పల్లె ఆడవాళ్ల నుంచి రక్తం తీసుకున్నాం. సమ్మతి పత్రాలు పక్కాగా ఉన్నాయి, పేపరు అచ్చయింది, నాకు సంతోషంగా ఉంది. మరుసటి ఏడాది ఆ పల్లెలో వేరే పని మీద కాఫీ తాగుతూ కూర్చుంటే ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చి, ‘బాబూ, నువ్వేగా నా దగ్గర నెత్తురు తీసుకెళ్లింది, ఏం తేలింది నాయనా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సగటు హీమోగ్లోబిన్ ఎంతో నాకు తెలుసు, ఆమెది ఎంతో తెలియదు. ఆ ఏడాదంతా ఆమెకు ఎవరూ ఇనుము మాత్ర ఇవ్వలేదు. మాస్టర్ చార్ట్‌లో ఆమె ఒక వరుస, ఆ వరుసలో ఆమె అంకె ఉంది, దాన్ని నేను ఆమెకు తిరిగి చేర్చలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి పాత చార్ట్ తీసి వెతికితే, అందరికన్నా తక్కువ అంకె ఉన్న వరుసల్లో ఆమెది ఒకటి. అంత తక్కువ విలువ సగటును పాడుచేస్తుందేమోనని దాని పక్కన నేనే పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని ఉన్నాను. అంకె మీద నాకు అనుమానం వచ్చింది గానీ మనిషి గురించి ఆలోచన రాలేదు. మర్నాడే మందులు పట్టుకుని వెళ్లాను. అప్పటి నుంచి నా విద్యార్థుల ప్రొఫార్మాల్లో చివరి గడి ఒకటి చేర్పించాను: ఫలితం రోగికి చెప్పిన తేదీ. ఆ గడి ఖాళీగా ఉన్న థీసిస్ మీద నేను గైడ్‌గా సంతకం పెట్టలేదు.

రేపు ఉదయం 9 గంటలకు మీరు మీ సినాప్సిస్ ముసాయిదాతో వస్తారు. దాంతో పాటు తెలుగు సమాచార పత్రం కూడా తీసుకురండి. అయితే ఈ రాత్రి దాన్ని మీ గైడ్‌కు చూపించకండి. మీ వార్డులో పనిచేసే ఆయమ్మను కూర్చోబెట్టి, మెల్లగా చదివి వినిపించండి. ఆమె ఎక్కడెక్కడ ఆపి ‘అంటే ఏంటి బాబూ’ అని అడిగిందో అక్కడ ఎర్ర సిరాతో గీత గీసుకోండి. రేపు మొదటి గంటలో మనం ఆ గీతలతోనే పని మొదలుపెడదాం.